మూడుసార్లు పిలిచారట

పద్నాలుగేళ్లు ప్రతి ఫారంలోనూ విడాకులు తీసుకున్నట్టే రాస్తూ వచ్చాను. సర్వీసు పుస్తకంలో అదే, బ్యాంకు కాగితాల్లో అదే. అదంతా అబద్ధమని తెలిసిన రోజు మిర్యాలగూడ కోర్టు వరండాలో సిమెంటు బెంచీ మీద కూర్చుని ఉన్నాను. ఏడుపు రాలేదు. ఒళ్లో పులిహోర డబ్బా ఉంది. అడుగు దాకా తిని, డబ్బా కడుక్కుని సంచీలో పెట్టుకున్నాను.

నేను తిరుమలగిరి దగ్గర సర్కారు బడిలో టీచర్ని. మా బడికి లెక్కలు చెప్పడానికి వచ్చిన మాస్టారుది కోదాడ. ఆయన భార్య పోయి ఆరేళ్లయింది. మూడేళ్లు ఒకే స్టాఫ్ రూంలో టీ తాగాక, ఒకరోజు ఆయనే అడిగారు, నేను సరేనన్నాను. బాజాలూ పందిళ్లూ వద్దు, కోదాడ రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెడదాం అనుకున్నాం. ఆయన ముందుగా వెళ్లి ఏమేం కావాలో కనుక్కుని ఫోన్ చేశారు.

"మేడమ్, మీ విడాకుల డిక్రీ కాపీ కావాలంటున్నారండీ. ఉందా మీ దగ్గర?"

"ఉంటుంది, తెస్తాను" అన్నాను. అంత ధీమా.

బీరువాలో చీరల కింద ఉన్నది కోర్టు ఇచ్చిన డిక్రీ కాదు, పెద్దమనుషులు రాయించిన బాండు పేపరు. దాని కథ ఇది. నన్ను పెళ్లి చేసుకున్నాయన మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో గుమాస్తా. కొట్టడాలు తిట్టడాలు లేవు. ఒకే ఇంట్లో చెరో గదీ కిరాయికి తీసుకున్నవాళ్లలా రెండేళ్లు ఉన్నాం. చివరికి నేనే మిర్యాలగూడ కోర్టులో కేసు వేశాను. రెండు వాయిదాలకు వెళ్లాను. మూడో వాయిదా ఎప్పుడో వకీలు చెప్పే ఉంటాడు గానీ నేను పట్టించుకోలేదు. ఎందుకంటే అప్పటికే రెండువైపుల పెద్దమనుషులు కల్పించుకున్నారు. తిరుమలగిరిలో ఒక ఫంక్షన్ హాల్లో కూర్చుని మాట్లాడారు. మగవాళ్లు హాల్లో, ఆడవాళ్లం లోపల గదిలో. కాసేపటికి నాన్న కాగితం పట్టుకుని లోపలికి వచ్చి, ఎక్కడ పెట్టాలో వేలు పెట్టి చూపించాడు.

"గీడ సంతకం పెట్టు బిడ్డా. ఇగ ఖతం."

"మరి కోర్టు?"

"వకీలుకు జిరాక్స్ ఇస్తం. ఆయన సూసుకుంటడు. ఇగ నువ్వు గాడికి పోవుడు లేదు."

సంతకం పెట్టాను. పిల్లలకు ప్రశ్నపత్రం రెండుసార్లు చదవందే జవాబు మొదలుపెట్టొద్దని చెప్పే మనిషిని, ఆ కాగితం ఒక్కసారి కూడా చదవలేదు. తర్వాత అందరం కలిసి భోజనం చేశాం. బగారా అన్నం బాగానే ఉంది, కూరలో ఉప్పెక్కువైంది. ఆ రోజు గురించి నాకు గుర్తున్నది ఆ ఉప్పే.

మావైపు అంతే. పెద్దమనుషులు అయిపోయిందంటే అయిపోయినట్టే. వాళ్లు పెళ్లి చేయగలిగినప్పుడు తెంచలేరా అని ఎవరికీ అనుమానం రాదు. నాకూ రాలేదు.

డిక్రీ కోసం మొదట సూర్యాపేట కోర్టుకు వెళ్లాను. మా ఊరు ఇప్పుడు సూర్యాపేట జిల్లాలో ఉంది కాబట్టి కేసు కాగితాలు కూడా మాతోపాటే జిల్లా మారి ఉంటాయనుకున్నాను. అక్కడి గుమాస్తా కళ్లద్దాలు పైకి జరుపుకుని నావైపు చూశాడు.

"అమ్మా, మీరు కేసేసినప్పుడు గీ జిల్లానే లేదు. గాడ మిర్యాలగూడల వేస్తే గాడనే ఉంటది. నంబరుందా?"

నంబరు బాండు పేపరులో ఉంది. "ఫలానా నంబరు కోర్టు కేసు కూడా ఇంతటితో ముగిసినది" అని పెద్దమనుషులు రాయించారు. ఆ కాగితం నాకు పనికొచ్చింది ఆ ఒక్క నంబరుకే.

మిర్యాలగూడలో డిక్రీ కాపీకి దరఖాస్తు ఇచ్చి ఇంటికి వచ్చేశాను. ఫోన్ చేస్తారనుకున్నాను. రెండు వారాల తర్వాత వెళ్తే నా దరఖాస్తు కొట్టేశామన్నారు. రికార్డు దొరికాక ఎవరెవరు కాపీ ఖర్చుకు స్టాంపులు కట్టాలో నోటీసు బోర్డు మీద జాబితా పెడతారట. మూడు రోజుల్లో వచ్చి చూసుకుని కట్టకపోతే పేరు తీసేస్తారట. రోజూ పొద్దున నలభైమంది పేర్లు పిలిచేదాన్ని, గోడ మీద నా పేరు నేను చూసుకోలేదు. మళ్లీ దరఖాస్తు ఇచ్చాను. ఈసారి సెలవు పెట్టి, తిరుమలగిరి నుంచి సూర్యాపేట, అక్కడి నుంచి మిర్యాలగూడ, రెండు బస్సులు మారి రోజు విడిచి రోజు వెళ్లి ఆ బోర్డు ముందు నిలబడ్డాను. విసుగు కూడా అలవాటైపోయింది.

చివరికి ఇచ్చినవి రెండే కాగితాలు. డిక్రీ లావుగా ఉంటుందనుకున్నాను. రెండో కాగితం అడుగున ఇంగ్లీషులో మూడు ముక్కలున్నాయి. పిటిషనరును పిలవగా హాజరు కాలేదు. ఆమె తరఫున ఎవరూ లేరు. పిటిషను కొట్టివేయడమైనది.

కిటికీ అవతల ఉన్న గుమాస్తాను అడిగాను. "అంటే విడాకులు రాలేదా మేడమ్?"

"నువ్వు రాకపోతే ఎట్ల ఇస్తరమ్మా? మూడుసార్లు పిలుస్తరు. పలకకపోతే కొట్టేస్తరు."

"వకీలు సూసుకుంటడన్నరు."

"ఆయన గూడ రాలేదు, రాసింది సూడు."

తేదీ చూశాను. బాండు పేపరు మీద ఉన్న తేదీయే. నేను తిరుమలగిరి ఫంక్షన్ హాల్లో లోపలి గదిలో గోడకు ఆనుకుని కూర్చున్న పొద్దున, ఈ వరండాలో ఒక అటెండరు నిలబడి నా పేరు మూడుసార్లు పిలిచాడు. అక్కడ నన్ను ఎవరూ పిలవలేదు. ఇక్కడ పిలిస్తే నేను లేను.

అప్పుడే పులిహోర తిన్నాను.

నాన్న మీద కోపం తెచ్చుకుందామంటే ఆయన పోయి నాలుగేళ్లు. వకీలూ పోయాడు. మిగిలింది నేనూ, రైస్ మిల్లు గుమాస్తా. చట్టం ప్రకారం ఇంకా మొగుడూపెళ్లాలం. ఆయన హాలియాలో మళ్లీ పెళ్లి చేసుకున్నాడు, ఇద్దరు పిల్లలు. ఎవరెవరినో అడిగి నంబరు సంపాదించి ఫోన్ చేశాను. సంగతి చెప్పాను.

"పెద్దమనుషులు ఖతం అన్నరు గదా?"

"కోర్టు అనలే."

"మరి నా పెండ్లి? నా పిల్లలు?"

ఆ గొంతులో భయం విని ఒక్క నిమిషం నాకు సంతోషమేసింది. ఎందుకు దాచుకోవాలి, వేసింది. తర్వాత అదీ పోయింది. "ఇద్దరం కలిసి అడిగితే ఇస్తరట. వస్తవా?" అన్నాను.

"వస్త" అన్నాడు. మధ్యలో ఎవరూ లేకుండా మేమిద్దరం అనుకున్న మొదటి మాట అదే.

కొత్తగా కేసు వేశాక ఆరు నెలలు ఆగాలన్నారు. ఆ సంగతి లెక్కల మాస్టారుకు స్టాఫ్ రూంలోనే చెప్పాను. నేను ఇంకొకరి భార్యనని చెప్పడానికి టీ గ్లాసు కింద పెట్టాల్సిన అవసరం కూడా అనిపించలేదు, అంత మొద్దుబారిపోయాను. ఆయనే గ్లాసు కింద పెట్టారు.

"ఆరు నెలలేగా మేడమ్. నేనెక్కడికీ పోను. మీరు మాత్రం ఈసారి వాయిదా తప్పకండి."

తప్పలేదు. ఆఖరి వాయిదా రోజు తొమ్మిదింటికే వెళ్లి అదే బెంచీ మీద కూర్చున్నాను. హాలియా ఆయన వరండా రెండో చివర నిలబడ్డాడు. జుట్టు సగం పోయింది. ఒకరినొకరం చూసి తలలూపుకున్నాం. మంచినీళ్లు తాగుదామని రెండుసార్లు లేవబోయి కూర్చున్నాను. ఆ కాసేపట్లో పిలుస్తారేమోనని భయం.

పదకొండు దాటాక అటెండరు గుమ్మంలోకి వచ్చి నా పేరు పిలిచాడు.

"ఉన్న సార్!" అన్నాను. మా బడి పిల్లల్లాగా, అంత గట్టిగా. వరండా అంతా తిరిగి చూసింది. రెండోసారి పిలవనీయలేదు.

లోపల జడ్జి గారు కాగితాలు చూసి అడిగింది ఒకటే. "ఎవరైనా బలవంతపెట్టారా, లేక మీ ఇష్టంతోనే అడుగుతున్నారా అమ్మా?"

ఆ ఫంక్షన్ హాల్లో అంతమంది ఉండి ఎవరూ అడగని మాట. ఆ రోజు ఇక్కడికి వచ్చి ఉంటే పద్నాలుగేళ్ల కిందటే అడిగేవాళ్లు.

"నా ఇష్టమే సార్" అందామని నోరు తెరిచాను. మాటకు బదులు ఏడుపు వచ్చింది. జడ్జి గారు తొందరపెట్టలేదు. ఏడుపు ఆగేదాకా ఆగి, మళ్లీ అడిగారు.