నిద్రపోతున్న గుడ్లకి గ్లాసుడు నీళ్ళు

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. ఒక్క గ్లాసుడు నీళ్ళతో మా మరిది పుట్టి ఎలా ముంచబోయానో చెబుతాను.

మాది కొల్లేటి పక్క ఊరు. ఎటు చూసినా చేపల చెరువులే. అవి చాలవన్నట్టు మా మరిది శీను ఇంట్లో గాజు తొట్టెల్లో రంగు చేపల్ని పెంచేవాడు. అందులో కిల్లీ చేపలని ఒక రకం. వాన గుంటల్లో పుట్టి, గుంట ఎండేలోగా గుడ్లు పెట్టి పోయే జాతి అట. ఆ ఏడు పెద్దవన్నీ పోయాయి. మిగిలిన వంశమంతా ఓ చిన్న కవరులో, తడి కొబ్బరి పొట్టులో గుడ్లుగా ఉంది. అంతలో శీను భార్యకి నెలలు నిండాయి. కాన్పుకని జంగారెడ్డిగూడెం వెళుతూ ఆ కవరు నా చేతిలో పెట్టాడు.

"నేనొచ్చేదాకా ఇవి నిద్రపోవాలండి వదినా. చల్లగా, చీకట్లో ఉంచండి. నీళ్ళు తగిలాయంటే లేచిపోతాయి. లేస్తే మేత పెట్టే దిక్కుండదు."

"చేపల చెరువుల మధ్య పుట్టినదాన్ని, నాకు చెబుతావా నాయనా?" అన్నాను.

మంచినీళ్ళ కుండ కింద ఇసుకలో, తమలపాకుల పొట్లం పక్కన దాచాను. అంతవరకూ బాగానే ఉంది. కానీ కుండలో నీళ్ళు ముంచుకున్నప్పుడల్లా నా ప్రాణం ఉసూరుమనేది. మా వైపు చేపపిల్లల్ని పుట్టించే హేచరీల్లో గుడ్లకి కాసేపు నీళ్ళు ఆగితే గగ్గోలు పెడతారు. వీటికేమో చుక్క లేదాయె. ఎంత నిద్రలో ఉన్నా దాహం వెయ్యదా, మీరే చెప్పండి. ఓ పొద్దున ఉండబట్టలేక పొట్టంతా గిన్నెలో వేసి గ్లాసుడు నీళ్ళు పోశాను.

మధ్యాహ్నం చూద్దును కదా, నువ్వుగింజలకి తోకలు మొలిచినట్టు ఈదుతున్నాయి. వెంటనే శీనుకి ఫోన్ చేశాను. అప్పుడు ఆసుపత్రి వరండాలో వాళ్ళ అత్తగారి పక్కన కూర్చుని ఉన్నాడు. సంగతి వినగానే అంత నిదానస్తుడూ గొంతు పెంచాడు.

"పిల్లల్ని ఆకలితో చంపకండి వదినా. చెరువు నీళ్ళు గుడ్డలో వడగట్టి, అందులో కదిలే పురుగుల్ని పెట్టండి."

చెరువుకీ ఇంటికీ తిరిగి తిరిగి నా కాళ్ళు అరిగాయి గానీ, సగానికి పైగా బతికాయి. అక్కడ శీనుకి ఆడపిల్ల పుట్టింది. పసిదాన్ని మా ఇంటికి తీసుకొచ్చే రోజున, పిలవకుండానే వాళ్ళ అత్తగారు కూడా వచ్చారు. తిన్నగా నా వంటింట్లోకి వెళ్ళి, మూతలన్నీ తీసి చూసి, మెల్లగా అడిగారు.

"ఏవండీ వదినగారూ, ఆ వేళ అల్లుడుగారు ఫోన్లో అంటుంటే విన్నానండి. మీ ఇంట్లో పిల్లలకి చెరువు పురుగులు పెడతారాండీ?"

చెయ్యి పట్టుకుని తొట్టె దగ్గరికి తీసుకెళ్ళి, ఎర్రగా నీలంగా తిరుగుతున్న ఆ పిల్లల్ని చూపించాను. ఆవిడ నవ్విన నవ్వుకి తల్లి ఒళ్ళో పసిది ఉలిక్కిపడి లేచింది. తరవాత ఆ చేపలు మళ్ళీ గుడ్లు పెట్టాయి. ఈసారి శీను కవరు నాకివ్వలేదు. వాళ్ళ అత్తగారికి ఇచ్చి జంగారెడ్డిగూడెం పంపాడు.

నేను మంచినీళ్ళ కుండ మీద చెయ్యేసి ఒట్టేసుకున్నాను. నిద్రపోతున్నదానికి దాహం వేస్తోందని ఈ జన్మలో నాకు నేనుగా అనుకోను.

మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ ఇంట నిద్రపోయేవాళ్ళు హాయిగా నిద్రపోవాలి. లేచినవాళ్ళు వేళకి కడుపునిండా తినాలి.