అవతలి ఒడ్డు మడచెట్లు

రేవు వెనక, మా క్వార్టర్స్ దాటాక, సముద్రంలో కలిసే గెడ్డ ఒకటుండేది. రిక్షాలో వంతెన దాటే చదువుకున్నవాళ్ళు ముక్కుకి జేబురుమాలు అడ్డం పెట్టుకుని దాన్ని మురుక్కాలవ అనేవారు. ఆ కంపు వాళ్ళ ఇళ్ళనుంచి వచ్చిందే. ఎనభైల మొదట్లో ఆదివారాలు నేను లుంగీ ఎగ్గట్టి ఆ గెడ్డలో దిగి తిరిగేవాణ్ణి.

రెండు ఒడ్డుల వెంటా మడచెట్లు. గాలి కోసం వాటి వేళ్ళు బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చేవి. పోటు నీళ్ళతో లోపలికొచ్చిన రొయ్యపిల్లలు ఆ వేళ్ళ సందుల్లో దాక్కుని పెరిగేవి. రాలి కుళ్ళిన ఆకు పురుగులకి తిండి, పురుగులు పీతలకి తిండి. ఆ పీతల మీద బతికే మనిషి ఒకామె, పక్కనున్న జాలరిపేటలో భర్త పోయిన ఆడది. పడవ లేదు, వల లేదు. ఇనప కొక్కెం కన్నంలోకి పోనిచ్చి పీతను లాగడమే ఆమె బతుకు.

ఒక ఏడు అమ్మవారి పండగకి, ఎప్పుడూ తెచ్చే సరుగుడు గుంజలు కాదు, గెడ్డ కర్రతోనే పందిరి వెయ్యమని, అమ్మవారు ఒంటి మీదికొచ్చే దాసుడు పూనకంలో చెప్పాడు. ఇవతలి ఒడ్డు మడచెట్లన్నీ నరికేశారు. ఆ వానాకాలానికి ఇవతల రొయ్యా లేదు, పీతా లేదు. కారణం ఒడ్డు పొడుగునా మోళ్ళై నిలబడి ఉంది. పేటవాళ్ళు ఆ మోళ్ళను దాటుకుంటూ వెళ్ళి మళ్ళీ ఆ దాసుణ్ణే అడిగారు. మొగుణ్ణి పోగొట్టుకున్న ఆడది గెడ్డలో దిగుతోందని అమ్మవారు మొహం తిప్పుకుందన్నాడు వాడు. ఆమె ఇవతల దిగకూడదని పేటపెద్ద తీర్పిచ్చాడు.

నేను వెళ్ళి దెబ్బలాడాను. చెట్లు నరికింది మీరు, శిక్ష ఆమెకా అన్నాను.

“ఏటి బావూ, సెట్టుకీ రొయ్యకీ సుట్టరికఁవేటి?” అన్నాడు పేటపెద్ద.

“మీరు నరికింది రొయ్య పురిటిల్లు.”

“అయితే మంత్రసానివి నువ్వేనేటి?”

పేటంతా నవ్వింది. చర్చా సంఘాల్లో ఎందరి నోళ్ళో మూయించినవాణ్ణి. మూఢత్వానికి హాస్యం కూడా తోడైతే నా దగ్గర మందు లేదు.

ఆమె వాదించలేదు. వంతెన మీదుగా అవతలి ఒడ్డుకి వెళ్ళింది. అక్కడ చెట్లున్నాయి కనక పీతలున్నాయి. బుట్ట నింపుకొచ్చింది. దాంతో పేట కొత్త మాట ఎత్తుకుంది. “మనకి దొరకనివి దీనికెలగ దొరుకుతన్నాయి? సిల్లంగే!” చిల్లంగి అంటే మా వైపు చేతబడి. ఆ నింద మోపి ఆడవాళ్ళ పళ్ళు ఊడగొట్టిన మనుషుల్ని నేనెరుగుదును.

మళ్ళీ పండగ వచ్చింది. ఒక ఆదివారం పందిరి కర్ర కోసం కత్తులతో మగాళ్ళు అవతలి ఒడ్డుకి దిగారు. నేనూ అక్కడే ఉన్నాను. నా నోరు లేచేలోపే ఆమె జుట్టు విరబోసుకుని, మోకాలి లోతు బురదలో, చెట్లకి అడ్డంగా నిలబడింది.

“రండ్రా. ముందు కత్తి ఎత్తినోడికే ఎడతాను సిల్లంగి!”

ఒక్కడూ ఎత్తలేదు. పేటపెద్ద కత్తి వీపు వెనక్కి పెట్టుకుని, “సరుగుడే తెద్దాం, సౌకగా వత్తాది” అన్నాడు. వెనుదిరిగారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. “లేని చిల్లంగిని నీ నోటితోనే ఉందంటావా? రేపు నీ పళ్ళు ఊడగొడతారు!”

“ఊడగొట్టిందాకా పీతలు నవులుతాను, బావూ” అంది.

అవతలి ఒడ్డు అబద్ధం మీద నిలబడింది. అది నేను సహించలేకపోయాను. ఆ అబద్ధంతోనే రేపు ఆమెను కొడతారన్న భయమూ ఉంది. పై ఆదివారం గెడ్డ ఇవతల వలలు బాగుచేసుకుంటున్న మగాళ్ళ ముందు నిలబడి, చిల్లంగి లేదు, మడచెట్టు ఉంది, రెండూ బుర్రకెక్కించుకోండని అరిచాను.

పేటపెద్ద పక్కనున్న కత్తి తీసి నా చేతికిచ్చాడు. “నేదు గదా బావూ? మరైతే నువ్వెల్లి ఓ కొమ్మ నరుక్కురా. నీకేటీ అవకపోతే మేఁవూ నరుకుతాం.”

గ్రహణం వేళ నలుగురు చూస్తుండగా ఇడ్లీలు తిన్నవాణ్ణి. దిష్టి తీసి పారేసిన నిమ్మకాయలు ఏరుకుని షర్బత్ చేసుకు తాగినవాణ్ణి. అలాంటి సవాలు ఏదీ అంతవరకు వదల్లేదు. అవతల, మడవేళ్ళ మధ్య వంగి, ఆమె కన్నంలోకి కొక్కెం పోనిస్తోంది.

కత్తి కింద పెట్టేశాను.

“బావుకీ సిల్లంగంటే బయిఁవేరా!” అని వాళ్ళు పడీ పడీ నవ్వారు. ఆ నవ్వు వింటూనే వంతెన దాకా నడిచాను. ఒక్కసారి కూడా కాదనలేదు.