మనుషులెవరైనా ఉన్నారా?

మా అన్నయ్యను రోప్‌వేలో పనిచేసేవాళ్లెవరూ పేరు పెట్టి పిలవరు. 'మనుషులాయన' అంటారు. వెటకారంగా మొదలైన పేరే అది. కింది స్టేషను నుంచి కొండమీది హోటలుకు సరుకు పంపే ప్రతిసారీ, మీట నొక్కే ముందు అన్నయ్య టికెట్ కౌంటరుకు ఫోను చేసి ఒకే మాట అడిగేవాడు: "మనుషులెవరైనా ఉన్నారా?" ఉన్నారంటే వాళ్లే ముందు, సరుకు దించాల్సిందే. పరుపులైనా, పాల డబ్బాలైనా, హోటలు యజమాని ముచ్చటపడి తెప్పించుకున్న పియానో అయినా అంతే. ఆ కౌంటరులో కూర్చుని ఇరవై రెండేళ్లు జవాబు చెప్పింది నేను.

మెషిన్ రూము ప్లాట్‌ఫారం అడుగున ఉంటుంది. ఇనుప మెట్లు పద్నాలుగు దిగాలి. లోపల గ్రీజు వాసన, అడుగున వణుకుతున్న నేల, ఒకే ఒక కిటికీ. ఆ కిటికీలోంచి మూడో స్తంభం, దానికి కట్టిన ఎర్ర గుడ్డ తప్ప ఇంకేమీ కనిపించవు. గాలిని కొలిచే మీటరు ఉన్నా అన్నయ్య నమ్మకమంతా ఆ గుడ్డమీదే. అది వేలాడుతుంటే కేబిన్ నడిపేవాడు, అడ్డంగా చాచుకుంటే ఆపేసేవాడు. పైన ప్లాట్‌ఫారం మీద ఎవరున్నారో, వెయిటింగ్ రూములో ఎవరు కూర్చున్నారో తనకు తెలిసే దారి లేదు. నా మాటే తనకు కళ్లు.

ఈ పద్ధతి పై ఆఫీసు పెట్టింది కాదు. అన్నయ్య ఉద్యోగంలో చేరిన మొదటి చలికాలంలో ఒక ముసలి మాస్టారు వెయిటింగ్ రూములో కూర్చుని, ముందు పరుపులు పంపించండి బాబూ, నాకేం తొందర అన్నారట. పరుపులు రెండు ట్రిప్పులు వెళ్లాయి. మాస్టారు చలికి బిగుసుకుపోయి వారం రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. అప్పటినుంచి అన్నయ్య నాకు చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పేవాడు: "పెద్దవాళ్లు ఎప్పుడూ తర్వాత వెళ్తామనే అంటారు చిన్నీ. ఆ మాట మనం లెక్కలోకి తీసుకోకూడదు." నేను ఆవలించేదాన్ని.

తర్వాత్తర్వాత మా కొండకు పెళ్లిళ్ల పిచ్చి పట్టుకుంది. హోటలు వెనక రాతి వరండా ఉంది. దాని అంచున నిలబడితే ఎదురుగా మంచు కొండలు వరసగా కనిపిస్తాయి. ఎక్కడెక్కడివాళ్లో వెతుక్కుంటూ వచ్చి అక్కడ పెళ్లి చేసుకునేవాళ్లు. తెల్లటి కుర్చీలు, తెల్లటి పరదాలు, కొమ్మలకు గాజు దీపాలు. సెలవు దొరికితే నేనూ పైకి వెళ్లి చూసేదాన్ని. ఆడవాళ్లు సూదిమడమల చెప్పులు వేసుకుని రాళ్లమీద బాతుల్లా నడుస్తుంటే చూడటానికి నాకు రెండు కళ్లూ చాలేవి కావు. ఇంత దూరం కొండలకోసం వచ్చి, ఫోటోలో పడాలని కొండలకు వీపు పెట్టి నిలబడేవాళ్లు. కొండమీద సెల్‌ఫోన్లు పనిచేయవు. దాన్ని కూడా ఒక సొగసుగా చెప్పుకునేవాళ్లు. నవ్వుకున్నా, నిజం చెప్పాలి. సాయంత్రపు ఎండ ఆ మంచుమీద పడి, పెళ్లికూతురు ఆ వెలుగులో నడిచి వస్తుంటే, నాలాంటి నోటి దురుసుది కూడా వెటకారం మానేసి చూసేది.

నా కూతురు పూల పనిలో దిగింది ఆ పెళ్లిళ్లు చూసే. బస్టాండు పక్కన చిన్న గది అద్దెకు తీసుకుని కొట్టు పెట్టింది. రెండేళ్లు పుట్టినరోజులకు గుత్తులు కట్టడంతోనే సరిపోయింది. చివరికి ఒక పెద్ద పెళ్లి దొరికింది. వధూవరులు నిలబడే చోట పూల తోరణం కట్టాలి. దాని ఫోటోలు బయటికి వెళ్తే ఇక తిరుగు ఉండదని, చెడితే కొట్టు మూసుకోవడమేనని దానికి తెలుసు, నాకూ తెలుసు.

ఆ రోజు పెళ్లి నాలుగు గంటలకు. నా కూతురు పొద్దున్నే పైకి వెళ్లి చట్రం బిగించి కూర్చుంది. పూలు తేవాల్సిన వ్యాను దారిలో టైరు పేలి మూడుంపావుకు గానీ రాలేదు. ఆలోపు పై స్టేషను ఫోనునుంచి అది నాకు నాలుగుసార్లు ఫోను చేసింది. చివరిసారి ఏడుస్తోంది. "అమ్మా, అందరూ ఉత్త చట్రాన్నే చూస్తున్నారు. పూలు రాకపోతే ఇక నన్నెవరూ పిలవరు." వచ్చేశాయి, ఎక్కిస్తున్నామని చెప్పాను. ముప్పై పెట్టెలు. సీట్లు మడిచేసి నింపితే కేబిన్‌లో చీమ దూరే సందు లేదు.

సరిగ్గా అప్పుడే ఒక కారు ఆగింది. డ్రైవరు ఒక పెద్దావిడను చెయ్యి పట్టి దింపి, వెయిటింగ్ రూములో కూర్చోబెట్టి వెళ్లిపోయాడు. పెళ్లికూతురికి అమ్మమ్మ ఆవిడ. తల్లి లేని పిల్లను నెలల వయసునుంచి పెంచింది ఆవిడే. మలుపుల్లో కళ్లు తిరుగుతాయని ఆగుతూ ఆగుతూ వచ్చేసరికి అందరికంటే వెనకపడిందట. ఇవన్నీ నేను టికెట్ ఇచ్చేలోపు తనే చెప్పింది. బూడిద రంగు పట్టు బట్టలు, ఒళ్లో చిన్న చేతిసంచి. పెట్టెలు చూసి నవ్వింది. "పూలు వాడిపోతాయమ్మా. ముందు వాటిని వెళ్లనీ. నేను తర్వాత దాంట్లో వెళ్తాను."

ఫోను మోగింది. అన్నయ్య.

"గుడ్డ లేస్తోంది చిన్నీ. ఇదే ఆఖరి ట్రిప్పు కావచ్చు. మనుషులెవరైనా ఉన్నారా?"

ఉన్నారంటే ఏమవుతుందో నాకు తెలుసు. పెట్టెలన్నీ దిగుతాయి. పూలను ముందు వెళ్లనిమ్మని ఆవిడే అంది కదా అని నాకు నేను చెప్పుకున్నాను. గాలి లేస్తుంది, పడుతుంది, పావుగంటలో ఇంకో ట్రిప్పు ఉంటుందిలే అని కూడా చెప్పుకున్నాను. ఇదంతా ఒక్క క్షణంలో.

"ఎవరూ లేరు. పంపించు" అన్నాను.

వెయిటింగ్ రూము తలుపు తెరిచే ఉంది. పెద్దావిడకు ఆ మాట వినిపించే ఉంటుంది. ఆవిడ చేతిసంచి సర్దుకుని కిటికీలోంచి బయటికి చూసింది.

కేబిన్ పైకి చేరిన ఐదు నిమిషాలకు గాలి విరుచుకుపడింది. మూడో స్తంభం మీద గుడ్డ కర్రలా బిగుసుకుంది. ఇక సాయంత్రం దాకా తీగ కదలదని తెలిసి అన్నయ్య చేతులు తుడుచుకుంటూ పైకి వచ్చాడు. వెయిటింగ్ రూము ముందు ఆగాడు. ఆవిడను చూశాడు. తర్వాత నన్ను చూశాడు. తిట్టినా బాగుండేది. నాకు తల కొట్టేసినట్టయింది.

కాలిబాటన కొండెక్కాలంటే మూడు గంటలు. ఆవిడ వల్ల అయ్యే పని కాదు. అన్నయ్య ఆవిడ ముందు నేలమీద గొంతుక్కూర్చుని, గాలి సంగతి వివరించి, తప్పు మాదేనమ్మా అన్నాడు. తర్వాత పై స్టేషనుకు ఫోను కలిపి అక్కడి ఆపరేటరును బతిమాలాడు. ఆ ఆపరేటరు ఫోను తీగ అందినంత దూరం వరండావైపు లాగి, రిసీవరును చేత్తో ఎత్తి పట్టుకున్నాడు. ఇక్కడ నా కౌంటరులో, నా కుర్చీలో కూర్చుని ఆవిడ రిసీవరు చెవికి ఆనించుకుంది. సగం గాలి హోరు. మధ్యలో వాయిద్యాలు, చప్పట్లు. ఎవరో ఏదో చదువుతున్నారు. మనవరాలు మాట ఇస్తున్నప్పుడు ఆవిడ కళ్లు మూసుకుంది. రెండో చేత్తో ఒళ్లోని సంచిని నిమురుతూనే ఉంది.

పెళ్లి కాగానే పిల్ల పరుగెత్తుకొచ్చి ఫోను అందుకున్నట్టుంది. అటునుంచి ఏడుపు నాకూ వినిపించింది.

"ఏడవకు తల్లీ, మొహం పాడవుతుంది" అంది ఆవిడ. "నాకన్నీ వినిపించాయి. పూలు బాగున్నాయా?"

నేను ప్లాట్‌ఫారం చివరికి వెళ్లి నిలబడ్డాను. ఆ గాలిలో ఏడ్చినా ఎవరికీ వినిపించదు. తిరిగొచ్చాక ఆవిడే నా చెయ్యి పట్టుకుని, వెళ్లనిమ్మన్నది నేనే కదమ్మా, నువ్వు మనసులో పెట్టుకోకు అంది. పెట్టుకోకుండా ఎలా ఉంటాను?

నాలుగో రోజున పెళ్లికూతురి తండ్రి ఫిర్యాదు రాశాడు. ఆపరేటరు తన మేనకోడలి పూలకోసం ముసలామెను కింద వదిలేశాడని అందులో ఉంది. మేనేజరు మా ఇద్దర్నీ గదిలోకి పిలిచి నిలబెట్టాడు. పంపే ముందు మనుషులున్నారా అని అడిగావా అన్నాడు అన్నయ్యను.

"ఆ రోజు అడగడం మర్చిపోయాను సార్" అన్నాడు అన్నయ్య.

పదిహేనేళ్లలో ఒక్కసారీ మర్చిపోని మనిషి. జ్వరంతో వచ్చినా అడిగాడు. మా నాన్న పోయిన మర్నాడు డ్యూటీకి వచ్చి కూడా అడిగాడు. తనకంటూ ఉన్న గొప్ప అదొక్కటే. దాన్ని నాకోసం, మేనకోడలి కొట్టుకోసం ఆ బల్లమీద పెట్టేశాడు. మేనేజరు నావైపు తిరిగి, నిన్ను అడిగాడా లేదా అన్నాడు. అన్నయ్య నేలవైపు చూస్తున్నాడు. నాకు ఇంకో అవకాశం దొరికింది. నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం రాదని కూడా తెలుసు.

"లేదు సార్. అడగలేదు" అన్నాను.

అన్నయ్యను మెషిన్ రూమునుంచి తీసేసి ప్లాట్‌ఫారం మీద కేబిన్ తలుపులు వేసే పనిలో పెట్టారు. కొత్త ఆపరేటరు కుర్రాడైనా బుద్ధిమంతుడు, ఫోను చేసి అడిగే పద్ధతి మానలేదు. నేను జవాబు చెప్పేదాన్ని. అయితే నేను లేరని చెప్పాక, అన్నయ్య వెయిటింగ్ రూముదాకా నడిచి, తలుపు తీసి, లోపలికి తొంగిచూసి, మళ్లీ మూసి, అప్పుడు గంట నొక్కేవాడు. కింద మెషిన్ రూములో ఆ గంట మోగాకే కేబిన్ కదిలేది. ఏడేళ్లు, రోజుకు పది పన్నెండు సార్లు, నా కళ్లముందే.

నా కూతురి కొట్టు నిలబడింది. ఇప్పుడు దాని కింద ఆరుగురు పనిచేస్తున్నారు. గోడమీద ఆ తోరణం ఫోటో ఉంది. మంచు కొండల ముందు తెల్లపూలు, కింద కొత్త జంట. అన్నయ్య కొట్టుకు వెళ్లినప్పుడల్లా ఆ ఫోటో ముందు నిలబడి, ఎంత బాగా కట్టావే అని దాన్ని మెచ్చుకుంటాడు. ఆ పిల్లకు ఏమీ తెలియదు. ఒకసారి ధైర్యం చేసి, అన్నయ్యా, ఆ రోజు నేను అని మొదలుపెట్టాను. పాప కొట్టు బాగా నడుస్తోందిగా, అది చాల్లే అని చెప్పులేసుకుని బయటికి నడిచాడు. ఆ తర్వాత నాకు మొహం చెల్లలేదు.

పోయిన నెలాఖరున అన్నయ్య రిటైరయ్యాడు. ఆఖరి రోజు మధ్యాహ్నం కొత్త ఆపరేటరు మర్యాదగా కుర్చీలోంచి లేచి, ఈ ట్రిప్పు మీరే పంపండి అన్నాడట. పైన మళ్లీ పెళ్లి. కేబిన్ నిండా మళ్లీ పూల పెట్టెలే, నా కూతురివే. అన్నయ్య ఇనుప మెట్లు దిగి వెళ్లాడు. నా ఫోను మోగింది.

"మనుషులెవరైనా ఉన్నారా?"

ఏడేళ్ల తర్వాత ఆ గొంతుతో ఆ మాట. నేను రిసీవరు బల్లమీద పెట్టి, లేచి వెయిటింగ్ రూముకు వెళ్లాను. తలుపు పూర్తిగా తెరిచాను. ఆవిడ కూర్చున్న కుర్చీ, కిటికీ, మూల బెంచీ, అన్నీ చూశాను. ఎవరూ లేరు. తిరిగొచ్చి రిసీవరు తీసుకున్నాను.

"స్వయంగా వెళ్లి చూసొచ్చాను అన్నయ్యా. ఎవరూ లేరు."

అటునుంచి సరే అని వినిపించింది. ఫోను పెట్టేశాడు. కేబిన్ కదులుతుందని తీగవైపు చూస్తూ నిలబడ్డాను. కదల్లేదు. కాసేపటికి ఇనుప మెట్లమీద అడుగుల చప్పుడు. పద్నాలుగు మెట్లూ ఎక్కి, మోకాలి నొప్పితో కుంటుకుంటూ నా కౌంటరు దాటి వెళ్లి, అన్నయ్య వెయిటింగ్ రూము తలుపు తీశాడు. లోపలికి చూశాడు. మూశాడు.

వెనక్కి వెళ్తూ నా దగ్గర ఆగాడు. "ఏమీ అనుకోకు చిన్నీ. అలవాటైపోయింది" అన్నాడు.

ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది.