గట్టి పప్పు, పలుచటి పంక్తి

ఆ రోజుల్లో సమానత్వం కాగితం మీదికి తొందరగానే వచ్చేది. వంటింట్లోకి మాత్రం నింపాదిగా నడిచి వచ్చేది. నలభైలు ముగుస్తుండగా, నిజాం రాజ్యం పోయిన కొత్తలో, మేడ్చల్‌లోని ఒక హాస్టలులో హరిజన విద్యార్థికని ఒక సీటు కేటాయించారు. శామీర్‌పేట మాలవాడ నుంచి ఆ సీటులోకి వెళ్లినవాణ్ణి నేను. (తేదీ చెప్పలేను. కాగితాలు దాచుకునే అలవాటు తరువాత అబ్బింది. అందుకు కారణం ఆ హాస్టలే.) మా బాపు నన్ను దింపుతూ, "అందరి బంతిల కూసోవెడితెనే ఉండు బిడ్డా. లేకుంటె అంగడినాడు వచ్చి తోల్కపోత" అన్నాడు. అంటే పంక్తిలో చోటు దొరికితేనే నాకు చదువు, లేదంటే సంతరోజున ఇంటిదారి.

వంటాయన లెక్క వేరు. నేను అందరితో కూర్చుంటే ఆయనకు మైల. కనుక మిగిలినవాళ్లు రాకముందే వసారాలో నాకు విస్తరి వేసి, ఎత్తు నుంచి వడ్డించి, ఆ చోటు కడిగించి, అప్పుడు గంట కొట్టేవాడు. ఈ శుచిలో ఒక్కటే లోపం. నాకు పడేది అప్పుడే దించిన గట్టి పప్పు. పంక్తికి చాలాలని నీళ్లు కలిపేది ఆ తరువాత. నేను అవమానంతో ఉడికిపోతూనే, విస్తరి ముందుకు జరిపి మారు వడ్డన అడిగేవాణ్ణి.

ఒకనాడు నాతోపాటు హాస్టల్లో ఉండే పట్వారీ (కరణం) కొడుకు ఇది చూసి, వార్డెను సారు ముందు నిలబడ్డాడు.

"ఏంది సార్ గిది? సీటు గీనికే, ముంగట బువ్వ గీనికే, గట్టి పప్పు గీనికేనా?"

"రేపటిసంది ఆఖర్ల పెడ్త తియ్యి" అన్నాడు వంటాయన.

"ఆఖర్ల అడుగు పప్పు ఇంక గట్టిగుంటది! అదిగూడ గీనికే?"

సారు తల గోక్కున్నాడు. "అయితె నడుమ కూసోవెట్టుండ్రి, పరేషాన్ చెయ్యకుండ్రి."

"మైల..." అని వంటాయన నసిగాడు.

"మైల సంగతి తర్వాత, ముందుగాల పప్పు సంగతి జూడు!" అన్నాడు పట్వారీ కొడుకే.

అంగడినాడు బాపు వచ్చి కిటికీలోంచి చూశాడు. నేను పంక్తి నడుమ కూర్చుని, విస్తరి అంచు దాటిపోతున్న పప్పుకు అన్నంతో గట్టు కడుతున్నాను.

"కూసోవెట్టిండ్రా, బిడ్డా?"

"కూసోవెట్టిండ్రు బాపు. పప్పే ఖరాబైంది."

బాపు నన్ను తీసుకుపోలేదు. తువ్వాలుతో ముఖం తుడుచుకుని, ఒక్కడే వెళ్లిపోయాడు.

ఇప్పటికీ ఎవరైనా 'కోటావాళ్లకే అన్నీ ముందు' అంటే, దాచిన కాగితాలన్నీ తీసి, వరుస తప్పకుండా వాదిస్తాను. వాళ్లు వెళ్లాక మాత్రం, వసారాలో కోపంగానే మారు వడ్డనకు విస్తరి ముందుకు జరిపిన ఆ కుర్రవాడు గుర్తొస్తాడు. వాడి ముందు నా వాదన నిలవదు, నవ్వొస్తుంది.