గోడ దగ్గర చెప్పిన మొదటి పాఠం

మా సోషల్ టీచర్ పోయారు. అశోక్‌నగర్‌లో ఆమె కిరాయికి ఉన్న రెండు గదుల ఇంట్లో, పొద్దున స్టవ్ మీద చాయ్ పెట్టుకొని, అది గ్లాసులో పోసుకోకముందే పోయారు. పక్కింటి అక్క నాకు ఫోన్ చేసింది. "పాస్టరన్నా, జల్ది రా. మీ టీచర్ లేస్తలేదు" అన్నది. నేను పాస్టర్‌ను కాను. ఏ మత కాలేజీ మెట్టూ ఎక్కలేదు. ఆరు రోజులు సెంట్రింగ్ పని చేసుకొని, ఆదివారం కవాడిగూడ రేకుల షెడ్డులో బైబిల్ వాక్యం చెప్పేవాణ్ణి. అయినా గల్లీ అంతా నన్ను అట్లనే పిలుస్తది. ఉరికి పోయేసరికి అక్క స్టవ్ ఆర్పేసి ఉంది. చాయ్ మీద మీగడ కట్టింది.

మధ్యాహ్నానికి మన బడి పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో దండం పెట్టే చేతులు వరుసగా పడ్డాయి. ఓం శాంతి అని పెట్టినవాడే దాని కిందనే ఉప్పల్ దిక్కు ప్లాటు అమ్మకానికి ఉందని పెట్టిండు. నాకు కోపం తొందరగా వస్తది, తొందరగా పోతది. ఈసారి పోలేదు. పోకముందే రాస్తున్న.

మన బడి ఎక్కడిదో తెలియనివాళ్లకు చెప్తా. చిక్కడపల్లి నుంచి నారాయణగూడ దిక్కు పోతుంటే ఒక గల్లీలో, రెండంతస్తుల సర్కారు హైస్కూల్. కింద నడుమెత్తు రాయి, దాని మీద ఇటుక, పై అంతస్తంతా సిమెంటు. జూన్‌లో బడి తెరిచినంక తొమ్మిదో తరగతికి మొదటి సోషల్ పీరియడ్‌లో టీచర్ పుస్తకం తెరవనిచ్చేవారు కాదు. అందరినీ బయట ఆవరణలోకి తీసుకపోయి ఆ గోడ ముందు నిలబెట్టేవారు.

"పుస్తకంల ఉన్న రాజులు ఎట్లయినా చచ్చిపోయిండ్రు. వాళ్లు జర ఆగుతరు. ముందుగాల మీ బడి ఎట్ల లేచిందో చూడుండ్రి. ఇది పరీక్షల రాదు. రాదు కాబట్టే యాద్ పెట్టుకోండ్రి" అనేవారు.

ఒక్కొక్కరం వచ్చి రాతి మీద అరచెయ్యి ఆనించాలి. ఆనించినంక కథ. నిజాం కాలంలో ఈ పక్కన పిల్లలకు తెలుగు చెప్పే బడి కావాలని నలుగురు పెద్దమనుషులు ఒక పెంకుటింటి వసారా కిరాయికి తీసుకున్నారట. పిల్లలు ఎక్కువైతే ఇంటాయన ఖాళీ చేయమన్నాడట. ఒక ముసలామె తన బర్లను అమ్ముకొని కొట్టం జాగ బడికి ఇచ్చిందట. ఒకరు బండెడు రాయి తోలారు, ఒకరు సున్నం ఇచ్చారు, ఏమీ లేనివాళ్లు సెలవు రోజున వచ్చి రాళ్లు మోశారు. "చూడుండ్రి, ఒక్క రాయి ఇంకోదాని లెక్క లేదు. ఒక్కొక్కటి ఒక్కొక్కరి ఇంటిది" అని వేలితో గోడ మీద గీస్తూ పోయేవారు. కూలిపోయిన పట్నం గోడను జనం మళ్లీ లేపిన కథ నా గ్రంథంలో ఉంది. అందులో ఎవరి ఇంటి ముందు ముక్క వాళ్లే కట్టుకుంటారు. అది చదివినప్పుడల్లా నాకు ఆ దూరదేశం కనపడదు, మన బడి గోడే కనపడతది.

ఇక ఇటుకల దగ్గరికి వచ్చి, అక్కడి నుంచి బడి సర్కారుదయింది అని చెప్పి, ఆమె తల పైకెత్తేవారు.

"మరి పై అంతస్తు ఎవరు కట్టిండ్రు?"

"సర్కార్, టీచర్!" అందరం ఒక్కసారే.

"సర్కార్ తట్ట మోసిందారా?"

జవాబు నిజంగానే ఆమెకు తెలియదు. తెలియకనే అడిగేవారు.

ఆ సాయంత్రం బస్తీలో అమ్మ జొన్నరొట్టె చేస్తుంటే ఈ ముచ్చట చెప్పిన. అమ్మ చేతులు ఆపకుండా నవ్వింది. "ఇంకెవరు మోస్తరురా? మేమే మోసినం. పాలమూరు నుంచి వచ్చినంక పట్నంల నా మొదటి పని అదే. నిన్ను ఆ బడి కిటికీ చువ్వకు చీర ఉయ్యాల గట్టి పండబెడ్తుంటి. నువ్వేమో ఒక్కతీరుగ ఏడుస్తుంటివి. మేస్త్రీ నన్ను తిడుతుండె."

తెల్లారి టీచర్‌కు చెప్పిన. "రేపు మీ అమ్మను తోలుకరా" అన్నారు. అమ్మ దారిపొడవునా నన్ను గిచ్చుకుంటూ వచ్చింది. "ఏం జేసినవ్‌రా? ఎవరిని కొట్టినవ్? చెప్పు, ఇప్పుడే చెప్పు." పనికి పోయే చీరతోనే వచ్చి గోడ ముందు నిలబడింది. టీచర్ కుర్చీ వేయించారు. అమ్మ కూర్చోలేదు.

"మీ పై అంతస్తు ఈ అమ్మ కట్టింది. ఎట్లుండెనో పిల్లలకు చెప్పమ్మా" అన్నారు టీచర్.

అమ్మ కొంగు మొఖం మీదికి లాక్కొని నేల చూసింది. "మస్తు బరువుండె" అన్నది.

క్లాసంతా నవ్వింది. టీచర్ నవ్వలేదు. "విన్నరా? బడి చరిత్ర అంటే ఇదే. మిగతాదంతా మనం కలుపుకున్నది" అన్నారు. మెట్ల దగ్గర నన్ను ఆపి, "నిన్నెవడన్నా వెనక కూసోమంటే నాకు చెప్పు. నువ్వీ బళ్లె కిరాయికి లేవు" అన్నారు.

అప్పటి నుంచి ప్రతి జూన్‌లో మా అమ్మ ఒక పూట పని వదులుకొని వచ్చేది. పిల్లలు మారేవాళ్లు, మాట అదే. మస్తు బరువుండె. దాని కోసమే పిల్లలు ఎదురుచూసేవాళ్లు. అమ్మ కూడా సిగ్గు తగ్గి, నవ్వు అయిపోయేదాకా ఆగి, కొంగు సర్దుకొని పోయేది.

నేను మాత్రం పదో తరగతికి పోలేదు. నాయన పరంజా మీద నుంచి పడి నడుము విరగ్గొట్టుకున్నాడు. నేను పొద్దున కూలి అడ్డా మీద నిలబడడం మొదలుపెట్టిన. నాలుగో రోజో ఐదో రోజో, గొడుగు చేతిలో, టిఫిన్ డబ్బా సంచిలో, టీచర్ ఆ గుంపులోకి వచ్చి నిలబడ్డారు. ఇల్లు కట్టించుకునే ఆమె అనుకొని మేస్త్రీ ఉరికొచ్చాడు.

"ఎంతమంది కావాలె అమ్మా?"

"ఒక్కడే. గా చివరకున్న పొట్టోడు."

అడ్డా అంతా నవ్వింది. నేను పోలేదు. పోతే ఇంట్లో పొయ్యి వెలగదు, అది ఆమెకూ తెలుసు. గొడుగు మడిచి, "బడి బందయితే కానియ్యి. చదువుడు బంద్ చెయ్యకు" అని వెళ్లిపోయారు. సైటు మీద సిమెంటు సంచుల పక్కన కూర్చొని అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ గ్రంథం చదివిన. చదివింది పైకి చెప్పిన. అట్ల వాక్యం చెప్పేవాణ్ణయిన.

ఒక ఆదివారం ఆమె మా షెడ్డుకు వచ్చి చివరి వరుసలో కూర్చున్నారు. తన ఇంట్లో తన దేవుళ్లకు దీపం పెట్టుకొనే వచ్చారు, బొట్టు ఇంకా తడిగా ఉంది. ఆ రోజు నేను ఒక రాజుకు పక్కవాడి ద్రాక్షతోట మీద కన్నుపడిన కథ చెప్పిన. తాతల నాటి తోట, నేనియ్యను అన్నాడు తోట మనిషి. రాజుగారికేమో అక్కడ కూరగాయలు పెట్టుకోవాలని ఉంది. దొంగ సాక్ష్యం పెట్టి వాణ్ణి చంపించి తోట గుంజుకున్నారు. షెడ్డు రేకులు అదిరేటట్టు చెప్పిన. అయిపోయినంక టీచర్ చెప్పులేసుకుంటూ అన్నారు, "కథ మంచిగ చెప్పినవ్. గంతగనం ఎందుకు ఒర్లుతున్నవ్‌రా? వినేటోళ్లు నీ ముంగటనే కూసున్నరు గద." రోడ్డు దాకా వచ్చినంక మళ్లీ ఆగారు. "ఆ తోటాయన ఒక్కడే ఉండె. ఊరోళ్లు ఏరి? అది చెప్పకపోతివి."

నేను ఎన్నోసార్లు చదివిన కథ అది. ఊరోళ్ల సంగతి నాకు తట్టలేదు.

మన బడిని కూడా ఏ రాజూ వచ్చి గుంజుకోలేదు. మొదట అశోక్‌నగర్ నౌకరీదార్లు తమ పిల్లలను టై కట్టే బడికి మార్చారు. వాళ్లను చూసి దుకాణాలవాళ్లు. వాళ్లను చూసి బస్తీవాళ్లు, ఇంటింటికి పాచిపని చేసి మరీ. టీచర్లు తగ్గారు, నల్లా బందయింది, చరిత్ర చెప్పే ఆమె రిటైర్ అయ్యారు. కిందటేడాది పిల్లలు చాలినంతమంది లేరని ఇంకో బళ్లో కలిపేస్తున్నట్టు గేటుకు కాయితం అతికించారు. ఆమె ఆ గొడుగుతోనే ఆఫీసుల చుట్టూ తిరిగారు. "ఒక్క పొద్దున, బడిల చదివినోళ్లందరు వచ్చి గేటు ముంగట నిలబడితే చాలు. పోయి పిలువురా" అన్నారు.

పిలిచిన. సర్కారులో పెద్ద కుర్చీలెక్కినవాళ్లను పిలిచిన, నారాయణగూడలో షోరూంలు పెట్టినవాళ్లను పిలిచిన. "టీచర్‌కు నా నమస్తే చెప్పన్నా, మీటింగుంది" అన్నాడొకడు. "ఇప్పుడు ఆ బళ్లె ఎవరు చదువుతున్నరే? నాకెందుకు పరేషాన్?" అన్నాడింకొకడు. ఆ పొద్దున గేటు ముందు నిలబడింది ముగ్గురం. టీచర్, మా అమ్మ, నేను. ఎండ ఎక్కేదాకా ఉన్నాం. ఊరోళ్లు ఏరి అని ఆమె అప్పుడు అడగలేదు. గొడుగు మా అమ్మ దిక్కు వంచి పట్టుకున్నారు, అంతే.

అశోక్‌నగర్‌లో తిరిగి చూడండి. గల్లీ గల్లీకి కోచింగ్. వేలమంది పిల్లలు, అగ్గిపెట్టెల్లాంటి గదుల్లో, సర్కారు నౌకరి కోసం రాత్రింబగళ్లు చరిత్ర బట్టీ కొడుతున్నారు. సర్కారు నౌకరి కావాలి, సర్కారు బడి వద్దు. సర్కారు జీతంతో బతికి, ఆ బడి గేటు ముందు ఒక్క గంట నిలబడలేనివాళ్లారా, మిమ్మల్నే అంటున్న. దండం పెట్టే బొమ్మలు మీ దగ్గరే పెట్టుకోండి.

బడికి తాళం పడ్డనాడు ఆమె నన్ను పిలిచి ఒక్కటే కోరారు. "నన్ను తీసుకపోయేటప్పుడు బండి ఆ గోడ దగ్గర ఒక్క నిమిషం ఆపుండ్రి. లోపట, పిల్లలు నిలబడే జాగల. గల్లీల కాదు. గల్లీ దిక్కంత కోచింగోళ్ల పోస్టర్లే. ఆ మొఖాలు చూసుకుంట నేను పోను."

అది చేయలేకపోయినం. చేయలేదని చెప్పడానికే ఇంత రాసిన.

వైకుంఠ రథం గేటు ముందు ఆగింది. ఆమె తమ్ముని కొడుకు దిగాడు, నేను దిగిన, వెనక ఆటోలో మా అమ్మ. వాచ్‌మన్ తాళంచెవి ఆఫీసు సార్ దగ్గర ఉందన్నాడు. సార్‌కు ఫోన్ చేస్తే పర్మిషన్ కాయితం ఏదన్నాడు. ఇంతలో లోపల నుంచి హారన్ మోగింది. వాచ్‌మన్ జేబులో నుంచి తాళంచెవి తీసి తాళం తెరిచాడు. గేటు సగం జరిగింది. ఒక కోచింగ్ పిలగాడు బైకు మీద బయటికి వచ్చాడు. ఆవరణ ఇప్పుడు బండ్లు పెట్టుకునే జాగ అట. బైకుకు గేటు తెరుచుకుంటది. ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన మనిషికి కాయితం కావాలి.

నేను గేటు సందులో కాలు పెట్టిన. "అన్నా, నీకు దండం పెడ్త. నా నౌకరి పోతది, నా కడుపు మీద కొట్టకు" అన్నాడు వాచ్‌మన్. టీచర్ తమ్ముని కొడుకు నా భుజం పట్టుకున్నాడు. "వద్దన్నా. అంబర్‌పేట్ శ్మశానంల మన టైం దాటితే ఇంకొకళ్లను పెడ్తరు." సందులో నుంచి లోపలి గోడ కనపడింది. రాళ్లకు ఆనించి వరుసగా బైకులు. షెడ్డు రేకులు అదరగొట్టే నేను ఆ రోజు ఒక్క కేక వేయలేదు. మనుషులు నోరు మూసుకుంటే రాళ్లే కేకలు వేస్తాయని నా గ్రంథంలో ఉంది. ఎన్నిసార్లు చెప్పి జనాన్ని ఏడిపించానో. రాళ్లు అరవలేదు. నేను కాలు తీసేసిన. గేటు మూసుకుంది. రథం కదిలింది.

ఆటో ఎక్కుదామని వెనక్కి తిరిగితే అమ్మ లేదు. బడి గోడకు గల్లీ వైపున కూడా కింద నడుమెత్తు రాయే. అమ్మ అక్కడ వంగి, ర్యాంకులొచ్చిన పిల్లల మొఖాలున్న పోస్టర్‌ను గోళ్లతో గీకుతోంది. దాని కింద ఇంకో పోస్టర్, దాని కింద ఇంకొకటి. చివరికి అరచెయ్యంత జాగలో నల్లగా రాయి బయటపడింది. అమ్మ దాని మీద చెయ్యి ఆనించి నిలబడింది.

ఆ బైకు పిలగాడు సరిగ్గా ఆమె వెనకే ఉన్నాడు. రథం అడ్డం ఉన్నంతసేపు ఆగి, ఇప్పుడు పోదామంటే ఇరుకు గల్లీలో ఒక దిక్కు ఆటో, ఒక దిక్కు అమ్మ అడ్డం.

"అమ్మా, జర జరుగు. క్లాసుకు లేటయితుంది." అమ్మ కదలలేదు. "ఏందమ్మా, నువ్వు పట్టుకోకపోతే గోడ పడిపోతదా?"

అమ్మ వెనక్కి తిరగలేదు.

"మస్తు బరువుండె బిడ్డా" అన్నది.

నవ్వడానికి అక్కడ క్లాసు లేదు. పిలగాడు హెల్మెట్ కిందికి లాక్కొని హారన్ కొట్టాడు. మళ్లీ కొట్టాడు. అమ్మ చెయ్యి తీయలేదు.