అట్ట మీది రేకు కప్ప

ఫోన్ ఆటలో మా మనవడు ఒకే రాక్షసుణ్ణి పదేపదే చంపుతున్నాడు.

"ఈసారి వీడు చస్తే బంగారు కత్తి పడుతుంది, అమ్మమ్మా!"

డెబ్బైల చివర్లో, బందరులో మా బడి ఎదుటి కొట్లో బొమ్మలూ చీటీలూ కట్టిన లాటరీ అట్ట వేలాడేది. డబ్బులిచ్చి చీటీ చింపితే, అందులో ఏ నంబరుంటే ఆ వస్తువు మనది. నాకు కావలసింది కీ ఇస్తే గెంతే రేకు కప్ప. వచ్చేవన్నీ పిప్పరమెంట్లే.

"రేపు నీదేనమ్మా," అనేవాడు కొట్టు మావయ్య.

నా చెయ్యి మంచిది కాదనుకుని ఎడంచేత్తోనూ చింపి చూశాను. ఆఖరి చీటీ కూడా నేనే చింపాను. పిప్పరమెంటే. మావయ్య కప్పని విప్పి, తుడిచి, నా కళ్ళముందే కొత్త అట్టకి కట్టాడు.

"దాని చీటీ ఏది మావయ్యా?"

"ఇందులో ఉంటుందిలేమ్మా."

నమ్మాను. మోసమని తెలిసేసరికి పెద్దదాన్నయ్యాను. అప్పటిదాకా తిట్టుకున్నది నా చేతినే.