మేడం ఒక్కపొద్దు

మా నాచారం జనానికి ఒక అలవాటుంది. డాక్టర్ ఏం చెప్పినా "సరే" అంటారు. అది అర్థమై అన్న సరేనా, మర్యాదకు అన్న సరేనా అన్నది మాత్రం మనమే పోల్చుకోవాలి. పక్కనే రామంతాపూర్‌లో పుట్టి పెరిగిన నాకే అది చాలాసార్లు అంతుపట్టదు. ఇక ఎక్కడెక్కడి నుంచో వచ్చి డాక్టరీ చదివే పిల్లల సంగతి చెప్పాలా!

నేను ఒక మెడికల్ కాలేజీలో పాఠాలు చెబుతాను. శిక్షణ కోసం పోస్టింగ్ వేసిన రోజుల్లో పొద్దున్నే విద్యార్థులను వెంటేసుకుని నాచారంలోని బస్తీ దవాఖానాకు వెళ్తాను. పేషెంట్లను వాళ్లతో కలిసి నేనే చూస్తాను. "వాళ్ల మాట వినండి, వాళ్ల మాటలో చెప్పండి" అని బస్సెక్కింది మొదలు దిగేదాకా పిల్లల చెవుల్లో జోరీగలా రొద పెడుతుంటాను. ఒక్కోసారి డ్రైవర్ కూడా విసుక్కుంటాడు.

కిందటేడు ఆ పిల్లల్లో ఒక కాకినాడ అమ్మాయి ఉండేది. నా మాటను అక్షరాలా పట్టుకున్న పిల్ల. షుగర్ పరీక్షకు "ఫాస్టింగ్‌లో రండి" అంటే ఎవరికీ ఎక్కడం లేదని గమనించింది. ఒకరోజు లైన్లో ఒకావిడ "ఇయ్యాల నాకు ఒక్కపొద్దు" అనడం విని, అంటే ఏమిటని అడిగింది. "దేవుని పేరు మీద తినకుండ ఉండుడు బిడ్డా" అందావిడ. ఇంకేం! ఆ రోజు నుంచి అందరికీ "రేపు ఒక్కపొద్దు ఉండి రండి" అని చెప్పడం మొదలుపెట్టింది. జనం కూడా హాయిగా "గట్లనా, సరే" అన్నారు. భాష నేర్చుకోవడమంటే ఇదీ అని నేను మురిసిపోయాను.

ఆ లైన్లోనే ఒక అక్క వచ్చేది. జనగామ వైపు మనిషి, ఇక్కడి మసాలా ఫ్యాక్టరీలో పని. పొట్లాల మీద తారీఖు సరిగ్గా అచ్చయిందో లేదో చూసి పంపాలి. కళ్లలో శుక్లాలు వచ్చి ఆ తారీఖులే కనిపించడం మానేశాయి. ఆపరేషనన్నా చేయించుకో, పనన్నా మానుకో అన్నాడు సూపర్‌వైజర్. సర్కారు కంటి దవాఖానాలో ఆపరేషన్ ఉచితమే, కానీ షుగర్ ఎక్కువుందని ఒకసారి వెనక్కి పంపేశారు. మళ్లీ తారీఖు ఇచ్చి, ఈలోగా షుగర్ దారికొచ్చిందని మా దగ్గర రాయించుకు రమ్మన్నారు. ఈసారి కూడా తప్పిపోతే ఆమె పని పోయినట్టే.

తీరా పరీక్ష చేస్తే మళ్లీ ఎక్కువే. నాకు కోపం నసాళానికంటింది.

"అక్కా, గోలీలు ఏసుకుంటున్నవా, పారేస్తున్నవా?"

"అయ్యో, ఎందుకు పారేస్త మేడం? రోజూ ఏసుకుంటున్న."

"పొద్దున ఏమన్న తిన్నవా మరి?"

"ఒక్కపొద్దు మేడం! మెతుకు ముట్టలే. దేవుని మీద ఒట్టు!" అని కొంగుతో కళ్లొత్తుకుంది.

సరే, మందు చాలడం లేదు, మోతాదు పెంచుదామని కలం తీశాను. నా వాలకం చూసి ఆమెకే నా మీద జాలేసినట్టుంది. సంచిలోంచి ఒక అరటిపండు తీసి నా ముందు పెట్టింది.

"జర తినుండ్రి మేడం, నీరసంగ ఉన్నట్టున్నరు. నేను తెచ్చుకున్నయిల ఒకటి మిగిలింది."

"మిగిలిందా? కడమయి ఏమైనయి?"

"తిన్న గద, ఆటోల."

"ఒక్కపొద్దు అన్నవు గద అక్కా!"

"ఒక్కపొద్దు గాబట్టే పండ్లు తిన్న. లేకుంటే అన్నమే తింటుంటి గద!"

కలం పక్కన పెట్టేశాను. నిజమే కదా, మా దగ్గర ఒక్కపొద్దు అంటే అన్నం మానడం. ఉప్మా, పండ్లు, పాలు, చాయ్ అన్నీ నడుస్తాయి. మా అమ్మ ఒక్కపొద్దున్న రోజు ఆమె ఉప్మాలో సగం నేనే లాగించేదాన్ని! వెంటనే వరండాలోకి వచ్చి లైను మొత్తాన్ని అడిగాను. ఒక పెద్దాయన ఉప్మా తిన్నానన్నాడు, జరంతనే అట. వెనక నుంచి ఒకావిడ గర్వంగా చెప్పింది: "నాది కడక్ ఒక్కపొద్దు మేడం. ఉత్త చాయే. కండ్లు తిరుగుతయని జర శక్కెరెక్కువ ఏసుకున్న."

కాకినాడ అమ్మాయి తల పట్టుకుంది. "మా అమ్మమ్మ ఉపవాసం అంటే మంచినీళ్లు కూడా ముట్టదండీ!" అంది. వరండా అంతా ఒకటే నవ్వు. నేనూ నవ్వాను గానీ లోపల భయమేసింది. ఆ మోతాదు పెంచి ఉంటే అక్క షుగర్ పడిపోయి ఫ్యాక్టరీలోనే కూలిపోయేది. పరీక్ష ఉచితం, మందులు ఉచితం, ఆపరేషన్ ఉచితం. ఒక్క మాట దగ్గర తేడా వచ్చి అవన్నీ ఆమెకు దక్కకుండా పోయేవి.

ఆపరేషన్ దగ్గరపడింది. అమ్మాయి అక్క పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. "రేపు పరీక్ష అయ్యేదాకా అన్నం వద్దు, ఉప్మా వద్దు, పండు వద్దు, పాలు వద్దు, చాయ్ కూడా వద్దమ్మా. ఉత్త మంచినీళ్లే. నేనేం చెప్పానో ఒకసారి మీరు చెప్పండి."

అక్క పొల్లుపోకుండా అప్పజెప్పి, "గింత కడక్ ఒక్కపొద్దు ఏ దేవునిది బిడ్డా?" అని అడిగింది.

"మా మేడంది!" అంది ఆ గడుగ్గాయి.

మర్నాడు షుగర్ సరిగ్గా ఉండాల్సినంతే ఉంది. ఎగిరి గంతేసినంత పని చేశాను. కాగితం రాసిస్తే అక్క ఆ తారీఖుకే ఆపరేషన్‌కు వెళ్లింది.

పోస్టింగ్ ముగిసే వారంలో మళ్లీ పరీక్షకు వచ్చింది. నల్లద్దాలు తీసి అమ్మాయి ముఖంలోకి చూసి, "ఓయమ్మ! నువ్వు గింత చిన్నపిల్లవా? నీ మాట ఇని పెద్ద డాక్టరమ్మవనుకున్న" అంది. ఆ పిల్ల నవ్వబోయి ఏడ్చేసింది. అక్క సంచిలోంచి మసాలా పొట్లం తీసి, దాని వెనక తారీఖు మా ఇద్దరికీ గడగడా చదివి వినిపించింది. మళ్లీ అదే పనిలో ఉందట.

అప్పుడే లైన్లోకి ఒకాయన చాయ్ గ్లాసుతో వచ్చి నిలబడ్డాడు. అక్క గిర్రున తిరిగింది.

"ఓ అన్నా, ఆ చాయ్ పారబొయ్యి. ఇది దేవుని ఒక్కపొద్దు గాదు, మేడం ఒక్కపొద్దు. దేవుడైతే మాఫ్ జేస్తడు, మిషన్ జెయ్యదు. ఉత్త నీళ్లే, సమజైందా?"

"సరే" అన్నాడాయన.

"ఏం సరే? నేనేం జెప్పిన్నో జెప్పు!" అంది అక్క.